ఎవర్నని అడుగుతావురా అబ్బాయ్!

రాజకీయాల్లో నిజాయితీ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా పశ్చిమ కృష్ణాలో నాయకులు ఆడిన మాట తప్పరు. జనం ఎటుంటే మేమూ అటే అన్నారు. 2024 జూన్ 4న ఓట్ల లెక్క తేలింది. జనం ఎటున్నారో తెలిసిపోయింది. ఒక్కొక్కరే అటు నడుచుకుంటూ వెళ్లిపోయారు. మాట మీద నిలబడటం అంటే ఇంకెలా ఉంటుంది?

జగ్గయ్యపేట సంగతే చూడండి. 2009 నుంచి 2024 దాకా నాలుగు అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. నాలుగింటిలోనూ ఢీ అంటే ఢీ అన్నది ఆ ఇద్దరే. ఇటు తెలుగుదేశం నుంచి శ్రీరాం రాజగోపాల్, ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ తాతయ్య. అటు సామినేని ఉదయభాను, మొదట కాంగ్రెస్, తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్. తాతయ్యగారు మూడుసార్లు, భానుగారు 2019లో ఒకసారి గెలిచారు. ఆ పదిహేనేళ్లూ మాకు ఒక సౌకర్యం ఉండేది. రోడ్డు ఎందుకు పాడైందో తెలుసుకోవాలంటే ఓడినాయన మనుషుల్ని అడిగితే చాలు, అణా పైసలతో సహా లెక్క చెప్పేవారు. ఆ రోడ్డు అంతకుముందు ఎందుకు పాడైందో గెలిచినాయన మనుషులు చెప్పేవారు. రోడ్డు బాగుపడకపోయినా సమాచారానికి లోటుండేది కాదు.

2024 సెప్టెంబర్ 26న ఆ కాస్త సౌకర్యమూ పోయింది. గత ప్రభుత్వంలో విప్‌గా పనిచేసిన ఉదయభానుగారు ఆ రోజు జనసేన కండువా కప్పుకున్నారు. తప్పని నేననను, ఎవరి కండువా వారిష్టం. కాకపోతే జనసేన, తెలుగుదేశం ఒకే కూటమి. పదిహేనేళ్లు ఎదురెదురుగా మైకులు పెట్టుకున్నవాళ్లు ఇప్పుడు ఒకే పందిట్లో ఉన్నారు. మైకులు రెండూ ఒకే వైపు తిరిగాయి. వాటికెదురుగా మిగిలింది మేమే.

మున్సిపాలిటీ ఇంకో మెట్టు పైన ఉంది. 2021 మార్చిలో వార్డు ఎన్నికలు జరిగితే జగ్గయ్యపేటలోనూ నందిగామలోనూ ఫ్యాను గుర్తే గెలిచింది. తర్వాత రాష్ట్రంలో గాలి మారింది. గాలి మారితే ఫ్యాను తిరగదా మరి, కౌన్సిలర్లూ తిరిగారు. ఓటర్లు మళ్లీ ఓటు వేయకుండానే కౌన్సిల్ రంగు మారిపోయింది. ఎంత ఖర్చు కలిసొచ్చింది ప్రభుత్వానికి! నందిగామలో 2025 ఫిబ్రవరి 3న జరగాల్సిన చైర్‌పర్సన్ ఎన్నిక 4వ తేదీకి జరిగింది. ఎదుటి పార్టీతో పోటీ తెగకనా అంటే కాదు. సొంత పార్టీలోనే ఎవరి పేరు చెప్పాలో తెగలేదు. ప్రతిపక్షం లేని లోటు తెలియకుండా ఆ పని కూడా పాలకపక్షమే చేసుకుంటోంది.

మా బాబాయిది జగ్గయ్యపేటలో పాత ఇల్లు. ఇంటి ముందు సైడు కాలవ. ఆ కాలవకు ఒక దినచర్య ఉంది. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి పారలతో పూడిక తీస్తారు. తీసింది ఎత్తుకెళ్లడానికి బండి కావాలి. బండి రేపొస్తుందంటారు. అందాకా పూడిక కాలవ గట్టునే నల్లటి కుప్పలుగా ఉంటుంది. రెండు రోజులు ఎండుతుంది, మూడో రోజు దాని మీద కోళ్లు కెలుకుతాయి, నాలుగో రోజు వాన పడుతుంది. కుప్ప మొత్తం దిగి కాలవలోకి వెళ్లి మునుపటి చోటే సర్దుకుంటుంది. రిజిస్టర్లో మాత్రం పూడిక తీసినట్టే ఉంటుంది. అబద్ధం కాదు కదా, తీశారు. లోపలికి వెళ్లింది వాన వల్ల. వాన మున్సిపాలిటీ పరిధిలోకి రాదు.

బాబాయి ఊరుకునే రకం కాదు, సోమవారం సోమవారం అర్జీ పట్టుకుని బయల్దేరతాడు. ఆ అర్జీ ఎన్ని ప్రభుత్వాలు చూసిందో! ఒకప్పుడు దాని పేరు ప్రజావాణి. తర్వాత మీ కోసం అన్నారు. అదే కాగితం 2019లో స్పందన అయింది. 2023 మేలో జగనన్నకు చెబుదాం అని ఫోన్లోకి ఎక్కింది. ఇప్పుడు పీజీఆర్ఎస్ అంటున్నారు. ఈ అక్షరాలు పలకడానికి బాబాయికి రెండు వారాలు పట్టింది. కాగితం మారలేదు, కాలవ మారలేదు, టేబుల్ వెనక కూర్చున్న గుమస్తా కూడా చాలాకాలం మారలేదు. వెనకాల గోడ మీద బ్యానర్ మారింది. అర్జీ ఇచ్చాక సెల్లుకు ఒక నంబరు వస్తుంది. కొన్నాళ్లకు ఇంకో మెసేజీ వస్తుంది, మీ సమస్య పరిష్కారమైనది అని. బాబాయి కళ్లజోడు పెట్టుకుని మెసేజీ ఒకసారి, కాలవ ఒకసారి చూస్తాడు. ప్రభుత్వం చెప్పిందంటే నమ్మాలి, దోమలకు ఆ సంగతి తెలిసినట్టు లేదంటాడు.

పేర్లు పెట్టే విషయంలో మాత్రం మా ఊరిని మించింది లేదు. ఇప్పుడు పథకాలకు తండ్రుల పేర్లు, మామల పేర్లు పెడుతున్నారని పట్నం మేధావులు బాధపడుతుంటారు. మాకది రెండు వందల ఏళ్ల కిందటి సంగతి. బేతవోలు అనే ఊరిని రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు పేటగా పెంచి తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. కాకపోతే ఆ రాజు ముందు ఊరు కట్టి తర్వాత పేరు పెట్టాడు. ఆ వరస ఇప్పుడు కాస్త తిరగబడింది.

2022 ఏప్రిల్ 4న మా జిల్లా పేరు కూడా మారింది. నిన్నటిదాకా కృష్ణా, తెల్లారేసరికి ఎన్టీఆర్ జిల్లా. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరేమో కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. పేరు మాకొచ్చింది, ఊరు వాళ్లకు మిగిలింది. పెట్టింది ఆయన పార్టీ కాదు, అవతలి పార్టీ. నందిగామకు ఆ పూట రెవెన్యూ డివిజన్ హోదా దక్కింది, అది మంచిదే. జగ్గయ్యపేట వాళ్లం ఇప్పుడు సంతకాల కోసం విజయవాడ దాకా పోకుండా సగం దారిలోనే ఆగి వెనక్కి రావచ్చు. అందరికన్నా బాగుపడింది బోర్డులు రాసే పెయింటర్లు. ఈ రాష్ట్రంలో ప్రభుత్వం మారినా మారకపోయినా పని దొరికే వృత్తి అదొక్కటే. పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగులు వేస్తే సుప్రీంకోర్టు 2020 జూన్‌లో తీసేయమంది. వేసినందుకు ఒక కూలీ, తీసినందుకు ఒక కూలీ. రెండూ మన ఖాతాలోవే.

చెత్త పన్ను గురించి చెప్పకపోతే గాంధీగారికి కోపం వస్తుంది. 2021 అక్టోబర్ 2న క్లాప్ అనే చెత్త బండ్లు జెండా ఊపించుకుని బయల్దేరాయి, వాటి వెనకే ఇంటింటికీ యూజర్ చార్జీ వచ్చింది. 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో చంద్రబాబుగారు దాన్ని రద్దు చేస్తున్నామన్నారు. వెయ్యడమూ జయంతి నాడే, తియ్యడమూ జయంతి నాడే. పన్ను పోయిందని జనం సంతోషించారు, నేనూ సంతోషించాను. చెత్త కూడా పోతుందేమోనని ఎదురుచూసినవాళ్లు అత్యాశాపరులు. ఆస్తి పన్ను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. 2020లో చట్టం మార్చి ఆస్తి విలువను బట్టి పన్ను అన్నారు, ఏడాదికి పదిహేను శాతం మించి పెంచం అని అభయమిచ్చారు. అప్పుడు ధర్నా చేసిన జెండాలు ఇప్పుడు ఆఫీసుల మీద ఎగురుతున్నాయి. జెండాలు మారినా డిమాండు నోటీసు మారలేదు. అది పార్టీలకతీతం.

ఇక నీళ్లు. భూగోళశాస్త్రం చదివినవాళ్లకు మా ఊళ్లు చూస్తే తల తిరుగుతుంది. వేదాద్రి, ముక్త్యాల కృష్ణ ఒడ్డునే ఉన్నాయి. నది కనబడుతుంది, చప్పుడు వినబడుతుంది, పుష్కరాలకు మునక కూడా వేస్తాం. పొలానికి మాత్రం ఆ నీళ్లు నాగార్జునసాగర్ నుంచి ఎడమ కాలవలో నల్గొండ, ఖమ్మం చుట్టి రావాలి. ఆ సాగర్ కోసం ఢిల్లీ దాకా తిరిగినవాడు మా ముక్త్యాల రాజా. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. చివరి భూములం కాబట్టి మాకు చివర్లో మిగిలింది వస్తుంది. మిగలకపోతే సానుభూతి వస్తుంది. పొరుగునే పులిచింతల కట్టారు, 45.77 టీఎంసీలు. అది డెల్టా కోసం. మేం చూసి ఆనందించవచ్చు, టిక్కెట్టు లేదు.

ఈ బాధ చూడలేక 2020 ఆగస్టులో వేదాద్రి ఎత్తిపోతలకు శంకుస్థాపన చేశారు. దాదాపు 490 కోట్లు, 38 వేల ఎకరాల పైమాట. 2024 ఎన్నికల నాటికి కూడా ఆ నీళ్లు మెట్ట ఎక్కలేదు. అంతకుముందువాళ్లు ఎందుకు కట్టలేదో తర్వాతివాళ్లు చెప్పారు, తర్వాతివాళ్లు ఎందుకు పూర్తి చేయలేదో ఇప్పటివాళ్లు చెబుతున్నారు. ఇప్పటివాళ్ల సంగతి చెప్పడానికి ఎదురుగా ఎవరూ మిగల్లేదు, ఆ మాట ఇందాకే మనవి చేశాను.

నీళ్లు లేవని కాదు, వచ్చినప్పుడు మరీ వస్తాయి. 2023 జూలై చివర్లో మునేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద జాతీయ రహదారి 65 మీదికెక్కింది. హైదరాబాద్, విజయవాడ మధ్య బండ్లు నిలిచిపోయాయి, బస్సులు గుంటూరు దారి పట్టాయి. 2024 సెప్టెంబర్ 1న మళ్లీ అదే మునేరు, అదే ఐతవరం. పాలేరు కూడా నేనేం తక్కువా అని గరికపాడు వంతెన దగ్గర రోడ్డు తినేసింది. ఆ రోజే విజయవాడలో బుడమేరు పొంగింది. బుడమేరును దేశమంతా చూసింది. మునేరును కీసర టోల్‌ప్లాజా చూసింది. ఈ దారిలో మాకు చిల్లకల్లు దగ్గర ఒక టోలు, కీసర దగ్గర ఇంకో టోలు. కట్టిన డబ్బుకు రోడ్డు ఇస్తారు, వరద ఉచితం. రెండు వానాకాలాల్లో ఒకే చోట నీళ్లు రోడ్డెక్కితే తప్పు ఏరుదా, ఇంజనీరుదా, ఏట్లో ఇసుక తోడినవాడిదా? ఇసుక మాటెత్తితే మా ఊళ్లో టీ కొట్టు దగ్గర కూడా గొంతు తగ్గిస్తారు. 2016లో ఉచితం, 2019లో రద్దు, 2021లో ఒక పెద్ద కంపెనీకి, 2024 జూలైలో మళ్లీ ఉచితం. ఇన్ని విధానాల్లోనూ ఇసుక లారీ రాత్రిపూటే ఎందుకు వెళుతుందో, ఎండ తగిలితే ఇసుక కరుగుతుందేమో!

ఇసుక కదిలినా రాయి మిగిలిందనుకుంటే, అదీ వెళుతోంది. జగ్గయ్యపేట చుట్టుపక్కల సున్నపురాయి సిమెంటై హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లూ బెజవాడలో అపార్టుమెంట్లూ అయింది. మాకు దుమ్ము మిగిలింది. దుమ్ము తినేవాళ్లకు న్యాయం చేయాలని 2015లో పార్లమెంటు గనుల చట్టం సవరించింది. ప్రతి జిల్లాలో ఖనిజ నిధి పెట్టమంది. పాత లీజులైతే కట్టే రాయల్టీ మీద ముప్పై శాతం, ఆ ఏడాది జనవరి తర్వాత వేలంలో ఇచ్చినవైతే పది శాతం, గని పక్క ఊళ్ల తాగునీటికీ వైద్యానికీ బడికీ ఖర్చు పెట్టాలి. మంచి చట్టం, నిజంగానే. ఆ డబ్బు ఏ ఊరికి ఎంత వచ్చిందో ఊరి చావిట్లో ఒక బోర్డు రాసి పెడితే చాలు, ఎవరి నిజాయితీని ఎవరూ శంకించక్కర్లేదు. జిల్లా పేరు రాత్రికి రాత్రి మార్చిన పెయింటర్లు మనకున్నారు. ఈ ఒక్క బోర్డుకే రంగు దొరకడం లేదు. అడగాలంటే సమాచార హక్కు చట్టం ఉంది, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అడగకముందే తమంత తాముగా చెప్పాలని కూడా ఆ చట్టం నాలుగో సెక్షన్‌లోనే ఉంది. చట్టం 2005ది కాబట్టి ఇంకా చిన్నపిల్ల, మాటలు వచ్చేదాకా ఓపిక పట్టాలి.

అన్నీ నాయకుల మీదికే నెట్టేస్తే మనం పత్తిత్తులమవుతామా? అసెంబ్లీ అభ్యర్థి నలభై లక్షలు మించి ఖర్చు పెట్టకూడదని ఎన్నికల సంఘం నిబంధన. 2024లో జగ్గయ్యపేట, నందిగామ నియోజకవర్గాల్లో ఫ్లెక్సీలు, బిర్యానీలు, ఆటోలు, డీజేలు చూసిన ఎవరైనా సరే, ఇదంతా నలభైలో ఎలా సర్దారో నేర్చుకుని ఇల్లు నడుపుకోవాలి. లెక్కలో పడని ఖర్చు ఏ ఇంట్లోకి వెళ్లిందో ఆ ఇంటివాళ్లకు తెలుసు. మా వీధిలో ఒకావిడ రెండు పార్టీల దగ్గరా తీసుకుంది, రెండిటికీ సమానంగా దేవుడికి దణ్ణం పెట్టింది. అవతలి వీధికి ఎక్కువిచ్చారని తెలిసి, ఇదేం న్యాయమని పంచినవాడిని నిలదీసింది. అయిదేళ్లలో ఒక నాయకుడి మనిషిని మా వీధిలో ఎవరైనా లెక్క అడగడం నేను చూసింది ఆ ఒక్కసారే. పాపం అతనూ తడబడకుండా కాగితం తీసి వార్డువారీ లెక్క చూపించాడు.

మొన్న బాబాయిని అడిగాను. మళ్లీ మున్సిపల్ ఎన్నికలొస్తే ఓటెవరికి వేస్తావు బాబాయ్ అని.

"ఓడిపోయేవాడికిరా అబ్బాయ్" అన్నాడు.

"అదేంటి బాబాయ్, ఓటు వృథా కదా!"

"వృథా ఏంటి? గెలిచినవాడు గెలిచిన రోజు నుంచే కాలవ మాట ఎత్తడు. ఓడినవాడైతే గెలిచిన పార్టీలోకి వెళ్లేదాకా, మూడు నాలుగు నెలలన్నా మన కాలవ గురించి మాట్లాడతాడు."