తెలిసిన జవాబు కోసం వెతుకులాట

ఇంటర్లో ఎంపీసీ చదివినవాళ్ళకు ఇంటిగ్రేషన్ లెక్కలు రెండు రకాలుగా గుర్తుంటాయి: పూర్తిగా వచ్చేవి, 'ప్లస్ సి' మాత్రమే వచ్చేవి. లెక్కంతా తప్పినా చివర సి పెట్టడం మరవని భక్తులు మా క్లాసులో చాలామందే ఉండేవారు.

ఈ రెంటికీ చెందని మూడో జాతి న్యూమరికల్ ఇంటిగ్రేషన్. అక్కడ జవాబు 'సుమారుగా' వస్తే చాలు. దశాంశం ఒకటి జారితే అర మార్కు కోసే మాస్టారు తన చేత్తో బోర్డు మీద ఆ సుమారు గుర్తు వేసేసరికి, నిప్పులు కడిగే ఇంట్లో ఉల్లిపాయ వేయించిన వాసన వచ్చినట్టయింది మాకు.

ఆ చాప్టర్లో తప్పించుకోలేని లెక్క ఒకటుంది. ఒకటి బై ఎక్స్‌ని 1 నుంచి 2 దాకా ఇంటిగ్రేట్ చెయ్యాలి. నాలుగు ముక్కలు చేసి, ట్రెపిజాయిడల్ రూలుతో ఓసారి, సింప్సన్ రూలుతో ఓసారి. జవాబు 2కి నేచురల్ లాగ్ అని అప్పటికే అందరికీ తెలుసు. లాగ్ టేబుల్స్ చేతిలోనే ఉన్నాయి. 0.3010ని 2.3026తో గుణిస్తే 0.6931, అక్కడితో సరి. అయినా ఏమీ ఎరగనట్టు మొహాలు పెట్టుకుని ముక్కలు కొయ్యాలి.

నా పక్క బెంచీవాడు అడగనే అడిగాడు. "మాస్టారూ, జవాబు టేబుల్స్‌లో ఉండగా మనకీ కోతలెందుకండీ?"

"టేబుల్స్‌లోకి ఎవరు తెచ్చి పెట్టార్రా?"

"అచ్చేసినవాళ్ళండీ."

మాస్టారు సుద్దముక్క కింద పెట్టేశారు. జాన్ నేపియర్ అనే స్కాట్లండ్ జమీందారు 1614లో లాగరిథమ్స్ బయటపెట్టాడట. హెన్రీ బ్రిగ్స్ వాటిని పదుల లెక్కకు మార్చి, 1624లో 30,000 సంఖ్యలకు లాగ్‌లు కట్టాడు. అంతా చేత్తోనే, 14 దశాంశాల దాకా. 1 నుంచి 20,000 వరకు చేసి, మళ్ళీ 90,000 దగ్గర అందుకుని లక్షకు చేరాడు. మధ్యలో డెబ్బై వేలు చాయిస్‌లో వదిలేశాడన్నమాట! వాటిని 1628లో పూరించినవాడు అడ్రియాన్ వ్లాక్, అదీ 10 దశాంశాలకే. మేం వేలితో వరస వెంట జరిగి, మీన్ డిఫరెన్స్ కలిపి, క్షణంలో చదివేసే నాలుగంకెల వెనక ఇంత చాకిరీ ఉంది. పైగా ఆ నాలుగంకెలూ సుమారే!

"ఇప్పుడు కొయ్యండి" అన్నారు.

కోశాం. ఒకటి బై ఎక్స్ గీత ఎత్తులు అయిదు: 1, 0.8, 0.6667, 0.5714, 0.5. చివరివి ఒక్కోసారి, మధ్యవి రెండేసి సార్లు వేసి ట్రెపిజాయిడల్ కడితే 0.6970. ఆ గీత కిందికి కుంగి ఉంటుంది, ముక్కల పైకప్పులేమో తిన్నగా ఉంటాయి. అందుకే కాస్త ఎక్కువొస్తుంది. అవే అయిదు ఎత్తుల్ని 1, 4, 2, 4, 1 చొప్పున వేసి సింప్సన్‌కి అప్పగిస్తే 0.6933. కొత్తగా పడ్డ శ్రమ లేదు, అసలు జవాబుతో తేడా మాత్రం పదివేలలో ఒకటి రెండు వంతులకు దిగింది. తిన్నని పైకప్పు తీసేసి, రెండేసి ముక్కలకు ఒక పారాబొలా కప్పడమే కిటుకు. ముక్కలు సరిసంఖ్యలో ఉండాలన్న పట్టుదల అందుకే.

ఈ రూలు థామస్ సింప్సన్ అనే నేతగాడి కొడుకు పేరు మీద చెలామణీ అవుతోంది. కానీ ఆయన పుట్టడానికి దాదాపు వందేళ్ళ ముందే ఈ కిటుకు ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్‌కు తెలుసు. 1613లో ఆయన రెండో పెళ్ళికి ద్రాక్షసారా పీపాలు తెప్పించారు. వర్తకుడు ఒక కర్రను పీపాలో ఏటవాలుగా దూర్చి ధర చెప్పేశాడు. ఆ కొలత నమ్మొచ్చా అని కెప్లర్ బుర్రలో పురుగు తొలిచింది. 1615కల్లా పీపాల ఘనపరిమాణం మీద ఏకంగా పుస్తకమే రాశాడు. పీటల మీద కూర్చున్నా మనసు పీపాల మీదే ఉన్న పెళ్ళికొడుకు! జర్మన్లు ఇప్పటికీ దీన్ని కెప్లర్ పీపా సూత్రమనే అంటారు.

"మరి జవాబు తెలియని లెక్కలు ఎక్కడుంటాయండీ?" వదల్లేదు మావాడు.

మాస్టారు బోర్డు మీద ఇ పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్ రాశారు. "దీన్ని ఇంటిగ్రేట్ చెయ్యి. నీకు తెలిసిన ఫార్ములాలు ఎన్ని కలిపినా లొంగదు. దీనికి ముక్కలే దిక్కు."

"ఇది పరీక్షలో ఇస్తారాండీ?"

"పేపరు దిద్దేవాడికి జవాబు తెలియొద్దట్రా?"

మావాడు కాసేపు ఆలోచించాడు. "అంటే, జవాబు తెలిసిన లెక్క ఇచ్చేది సూత్రాన్ని పరీక్షించడానికన్నమాట!"

"సూత్రం ఎప్పుడో పాసైందిరా" అన్నారు మాస్టారు. "మిగిలింది నువ్వే."