వాయూపాసకుడు

మోటారు కార్లంటే ప్రాణం పెట్టే ఆంగ్లేయులలో వాయూపాసకులనదగిన ఒక వర్గం ఉంది. ఈ వర్గానికి చెందిన వ్యక్తిని గుర్తుపట్టడానికి అతని కారును చూడనవసరం లేదు. అది వీధి మలుపు తిరగకముందే వినిపిస్తుంది. అతని వయసు సాధారణంగా నలభై దాటి ఉంటుంది, ఇంటి అప్పు చాలావరకు తీరి ఉంటుంది, కారు మాత్రం 2002, 2006 సంవత్సరాల మధ్య ఆక్స్‌ఫర్డ్ శివారులోని కౌలీ కర్మాగారంలో తయారైన మినీ కూపర్ ఎస్ అయి ఉంటుంది. 160కి పైగా హార్స్‌పవర్ గల ఆ చిన్న కారుకు లోటు ఏమిటని అడిగినవారికి అతను చెప్పే సమాధానం ఒక్కటే: దానికి ఊపిరి ఆడడం లేదు.

ఈ నిర్ధారణకు మూలం సూపర్‌ఛార్జర్. మామూలు ఇంజిన్‌లో పిస్టన్ కిందికి దిగినప్పుడు ఏర్పడే వెలితి కొద్దీ గాలి లోపలికి వస్తుంది. సూపర్‌ఛార్జర్ అనేది క్రాంక్ షాఫ్ట్ నుంచి బెల్టు ద్వారా తిరుగుతూ, అంతకు మించిన గాలిని సిలిండర్లలోకి దట్టించే పంపు. ఒక పాలు పెట్రోలు సరిగ్గా మండడానికి బరువు లెక్కన సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి గనుక, ఎంత ఎక్కువ గాలి చొప్పిస్తే అంత ఎక్కువ ఇంధనాన్ని కాల్చవచ్చు. మినీలో అమర్చిన పంపు ఈటన్ కంపెనీవారి ఎం45. దాని మూలరూపం అమెరికాకు చెందిన రూట్స్ సోదరులు 1860లో పేటెంటు పొందిన బ్లోయర్; ఈ పంపునూ ఆ పేరుతోనే పిలుస్తారు. వంశచరిత్ర ప్రస్తావన వచ్చినప్పుడు వాయూపాసకుడు అక్కడ ఆగకుండా, 1929లో బెంట్లీ కారు ముక్కుకు బ్లోయర్ తగిలించిన సర్ హెన్రీ బర్కిన్ దాకా వస్తాడు. ఆ పనిని డబ్ల్యు. ఓ. బెంట్లీ స్వయంగా వ్యతిరేకించాడనీ, 1930 లీ మాన్స్ పందెంలో గెలిచింది బ్లోయర్ లేని బెంట్లీయేననీ అతనికి తెలియక కాదు. భక్తుడు పురాణంలో తనకు కావలసిన ఘట్టాలనే పారాయణ చేస్తాడు.

అతని సిద్ధాంతంలో బలం లేదనడం అన్యాయం. బ్లోయర్ తనకు అందిన గాలి పీడనాన్ని 1.7 రెట్లు చేస్తుందనుకుంటే, ఇరుకైన గొట్టం వల్ల దాని ముందు ఒక కిలోపాస్కల్ తగ్గినప్పుడు దాని అవతల తగ్గేది దాదాపు 1.7 కిలోపాస్కళ్లు. అంటే గాలి ప్రవేశమార్గంలోని ఆటంకాన్ని తొలగించడం వల్ల మామూలు ఇంజిన్ కంటే సూపర్‌ఛార్జర్ ఉన్న ఇంజిన్‌కే ఎక్కువ లాభం. ఇంతవరకు శాస్త్రం అతని పక్షాన ఉంది; చిక్కంతా అతను స్పానరు చేతపట్టిన తరువాత మొదలవుతుంది.

మొదటి ఆదివారం అతను కంపెనీవారు అమర్చిన ఫిల్టరు పెట్టెను ఊడదీసి, దాని స్థానంలో శంఖాకారపు ఫిల్టరును మూతా ముసుగూ లేకుండా బిగిస్తాడు. ఆ పెట్టె బయటి చల్లగాలిని తెచ్చి ఇవ్వడంతోపాటు బ్లోయర్ కూతను అణచి ఉంచేది కాబట్టి, అది పోగానే కారు ఈలవేయడం మొదలుపెడుతుంది. చెవికి తాకిన ప్రతి డెసిబెల్‌నూ అతను హార్స్‌పవర్ ఖాతాలో జమ చేస్తాడు. బయట 20 డిగ్రీలుండగా బానెట్ కింద 50 డిగ్రీలుంటే, అక్కడి గాలి సుమారు 9 శాతం పలచబడి ఉంటుందనీ, ఇంజిన్ ఇప్పుడు ఆ వేడిగాలినే పీలుస్తున్నదనీ ఎవరైనా చెబితే, అతను రోలింగ్ రోడ్ కాగితం చూపిస్తాడు. రోలింగ్ రోడ్ అంటే కారును కదలకుండా కట్టి, చక్రాలను రోలర్ల మీద తిప్పి శక్తిని కొలిచే యంత్రం. ఆ పరీక్ష జరిగినప్పుడు బానెట్ ఎత్తి ఉన్నదన్న సంగతి, ఎదురుగా ఒక పెద్ద ఫ్యాను తిరుగుతున్నదన్న సంగతి కాగితం మీద ఉండవు.

అయినా వేడి మాట మనసులో పనిచేస్తూనే ఉంటుంది. కొన్ని వారాలకు అతను ఫిల్టరు చుట్టూ వేడిని ఆపే రేకు గోడ నిలబెడతాడు. గోడకూ బానెట్‌కూ మధ్య సందులోంచి వేడి వస్తున్నదని రబ్బరు అంచు అతికిస్తాడు. అదీ చాలక పైన మూత వేసి, ముందునుంచి చల్లగాలి తెచ్చే గొట్టం ఒకటి కలుపుతాడు. ఈ విధంగా నాలుగు గోడలు, మూత, గొట్టం సమకూడిన దానిని కార్బన్ ఫైబర్‌తో చేసి అమ్మేవారున్నారని తెలిసినప్పుడు, వందల పౌండ్లు పోసి కొని తెచ్చుకుంటాడు. దాని ఆకారం అటకమీద పడి ఉన్న పాత పెట్టెను ఎంతగా పోలి ఉన్నదో గమనించేది అతని భార్య ఒక్కతే.

బానెట్ మీది రంధ్రం గురించి అతని ఉపన్యాసం వేరు. అందులోంచి దూసుకువచ్చే గాలి నేరుగా ఇంజిన్‌లోకి పోతుందని తొలినాళ్లలో అతను అందరికీ చెప్పేవాడు. నిజానికి అది ఇంటర్‌కూలర్ మీదికి, అంటే బ్లోయర్ నుంచి వేడెక్కి వచ్చే గాలిని చల్లబరిచే రెక్కల పెట్టె మీదికి పోతుంది. బీమా కంపెనీవారికి మార్పులన్నీ తెలియజేయవలసి వచ్చినప్పుడు మాత్రం అతని వాగ్ధాటి సన్నగిల్లుతుంది: వాహన ప్రియుల సమావేశంలో ఇరవై హార్స్‌పవర్ పెంచిన పరికరం, ఆ దరఖాస్తులో ఒక మామూలు ఫిల్టరు.

ఇంతకూ ఈ కారు రోజూ వెళ్లేది రైల్వే స్టేషనుకూ సూపర్‌మార్కెట్‌కూను. యాక్సిలరేటర్‌ను సుతారంగా తొక్కే అటువంటి ప్రయాణంలో బైపాస్ వాల్వు తెరుచుకొని, బ్లోయర్ తోసిన గాలిని తిరిగి దాని ముందుకే పంపుతుంది గనుక, అంత ఉపాసనా ఫలించకుండానే గుమ్మం చేరుతుంది. దానికీ విరుగుడుంది: బ్లోయర్ కప్పీని 15 శాతం చిన్నది చేస్తే అది దాదాపు 18 శాతం వేగంగా తిరుగుతుంది, గాలి మరింత వేడెక్కుతుంది, అప్పుడు పెద్ద ఇంటర్‌కూలర్ కొనక తప్పదు. ప్రస్తుతం అతని దృష్టి సైలెన్సర్ మీద ఉంది. లోపలికి వెళ్లే గాలికి దారి చేసిన తరువాత బయటికి వచ్చేదానికీ దారి చేయాలన్న అతని వాదాన్ని ఇంజినీరింగ్ దృష్టితో కాదనలేము. పక్కింటివారు ఇల్లు అమ్మకానికి పెట్టడానికి వేరే కారణాలు కూడా ఉండవచ్చు.