పావు సెకను

ప్రొద్దుటూరులో పెళ్లి కుదిరిందంటే బంగారం, బట్టల తర్వాత చెప్పుకోవాల్సిన ఖర్చు వీడియోనే. పొద్దున గండికోట లోయ అంచున ఒక చీర, సాయంత్రం మైలవరం డ్యాం దిగువన ఇంకో చీర. ఆ పనిలో చేయి తిరిగిన కుర్రవాడి కథ ఇది. వాడి ఆస్తల్లా ఒక సోనీ మిర్రర్‌లెస్ కెమెరా, అప్పు చేసి కొన్న లెన్సు, రెండు ఎన్‌డీ ఫిల్టర్లు.

ఆ సాయంత్రం కాబోయే దంపతుల్ని తీసుకుపోయేసరికి పెన్నలో నీళ్లు లేవు. డ్యాం గేట్ల సందుల్లోంచి కారే ధారలు గోడ మీద అక్కడక్కడా చెదిరి పడుతున్నాయి, అంతే. పెళ్లికొడుకు మొహం మాడింది. కుర్రవాడు మాత్రం మాట్లాడకుండా ట్రైపాడ్ బిగించి, లెన్సుకు ఫిల్టర్ తగిలించి, షట్టర్‌ను పావు సెకనుకు దించాడు.

సెకనుకు 25 ఫ్రేములు తీసేటప్పుడు షట్టర్ 1/50 దగ్గర ఉండాలని పాత కట్టుబాటు. అప్పుడే కదలిక కంటికి సహజంగా ఆనుతుంది. పావు సెకనంటే ఒక్కో బొమ్మ మీద పన్నెండు రెట్లకు పైగా వెలుతురు పడుతుంది. సీమ ఎండకు అది సున్నం కొట్టినట్టు తెల్లబోతుంది. అందుకే వెలుతురును 64వ వంతుకు తగ్గించే ఆ ఎన్‌డీ ఫిల్టర్, అంటే నల్లద్దం. ఇంకో సంగతి, పావు సెకను చొప్పున తీస్తే సెకనుకు నాలుగు బొమ్మలే పుడతాయి. కెమెరా వాటినే మళ్లీ మళ్లీ పేర్చి 25 అనిపిస్తుంది. ఆ పావు సెకనులో ప్రతి చుక్కా గీతగా సాగుతుంది, పక్క గీతతో కలుస్తుంది. కారే నీళ్లు గోడ నిండా పాలతెరై దిగుతాయి.

"కదలాకండి. ఊపిరి కూడా మెల్లగా. కదిలినారంటే అలికినట్టు అయిపోతారు" అని దంపతులకు చెబుతున్నాడు వాడు.

గట్టు మీద వాడి మేనమామ నిలబడి ఉన్నాడు. కాలువ కింద ఆయనకు రెండెకరాల మడి. గేటు ఎప్పుడు ఎత్తుతారో కనుక్కుందామని వచ్చి, షూటింగు చూస్తూ ఆగిపోయాడు.

"ఏమల్లుడా, కదిలితే కనపడరా?"

"కనపడరు మామా. కదలకుండా నిలబడినోళ్లే కనపడతారు."

ఈ మాట కెమెరా పుట్టినప్పటి నుంచీ నిజమే. 1838లో డాగేర్ తన కిటికీలోంచి పారిస్ వీధిని ఫోటో తీశాడు. బండ్లూ జనమూ తిరిగే ఆ నడివీధి ఫోటోలో నిర్మానుష్యంగా పడింది. నిమిషాల కొద్దీ తెరిచి ఉంచిన కెమెరాకు నడిచేవాళ్లెవరూ ఆనలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకే చోట నిలబడిన మనిషి మాత్రం దొరికాడు. ఆయనెవరో తెలియదు, చరిత్రలో మాత్రం నిలిచిపోయాడు. మన కుర్రవాడికి డాగేర్ సంగతి తెలియదు. వాడి గురువు హాంకాంగ్ దర్శకుడు వాంగ్ కార్-వై. 1994లో వచ్చిన 'చుంగ్‌కింగ్ ఎక్స్‌ప్రెస్'లో పోలీసాయన నిదానంగా కాఫీ తాగుతుంటే ముందు నుంచి జనం రంగుల చారలై పోయే షాట్‌ను కుర్రవాడు ఫోనులో అరగదీశాడు.

వీడియో ఊళ్లు తిరిగింది. ఎవరో దంపతుల్ని కోసేసి నీళ్లు మాత్రం ఉంచి, పైన ఒక నాయకుడి బొమ్మ అతికించి, "నిండుకుండలా మైలవరం" అని రాశారు. ఎగువన గండికోటలో 26.85 టీఎంసీలు పట్టే జలాశయం ఉంది, అవుకు మీదుగా కృష్ణ నీళ్లు కూడా వస్తాయి కాబట్టి నమ్మడానికి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. ఎండిన కాలువ పక్కన కూర్చుని ఆ వీడియో చూసినవాళ్లకు తప్ప.

"ఈన్ని నీళ్లుంటే మాకేమిటికి రాలేదురా?" అని మామ ఫోన్ చేశాడు.

"అవి కారే నీళ్లే మామా. షట్టర్ అట్ల పెట్టినా."

మామ కాసేపు ఏమీ అనలేదు. "అయితే నీళ్లను ఎక్కువ చేయొచ్చన్నమాట. సర్లే" అని పెట్టేశాడు.

పది రోజులు తిరక్కుండానే ఆ నాయకుడి సభ పెట్టారు. జనం పలచగా వచ్చారు. పీఏ కుర్రవాడి భుజం మీద చెయ్యేసి మేడ మీదికి తీసుకుపోయాడు.

"మొన్న నీళ్లకు చేసినావు సూడు, ఈ జనానికి అట్ల చెయ్యబ్బా."

చేశాడు. పావు సెకను. షామియానా కిందికి వచ్చేవాళ్లు, మజ్జిగ ప్యాకెట్ల కోసం లేచేవాళ్లు, బిర్యానీ వైపు మళ్లేవాళ్లు ఒకరిలోకి ఒకరు సాగి, తెల్ల చొక్కాలన్నీ కలిసి, వరదొచ్చిన పెన్నలా పారారు. వంద మంది వెయ్యి మందిలా ఉన్నారు.

"ముఖాలు తెలియవు సార్" అన్నాడు కుర్రవాడు, ముందే చెప్పడం మంచిదని.

"ముఖాలతో మనకేం పని?" అన్నాడు పీఏ. మరుక్షణం స్క్రీన్ మీద వేలు పెట్టాడు. "ఈయనెవరు? ఈయనొక్కడే యింత బాగ పడినాడే?"

పారే జనం నట్టనడుమ ఒక మనిషి రాయిలా నిలబడి ఉన్నాడు. తలపాగా మడతతో సహా స్పష్టంగా ఉంది. గాలికి ఊగకుండా రెండు చేతులతో బిగించి పట్టుకున్న అట్ట మీద అక్షరాలు కూడా చదవొచ్చు: మా కాలువకు నీళ్లు వదలండి.

కుర్రవాడు ఒకసారి ఎండ వైపు చూశాడు. ఆ ఎండలో అంతసేపు కదలకుండా నిలబడటం పెళ్లికొడుకుల వల్ల కూడా కాదు.

"తెలీదు సార్" అన్నాడు.

"కోసెయ్. పక్క నుంచి మొదలుపెట్టు."

కోశాడు. డబ్బులు అక్కడికక్కడే ఇచ్చారు.

రాత్రి మామ ఫోన్ చేశాడు. వీడియో మూడుసార్లు చూశాడట, కళ్లజోడు పెట్టుకుని మరీ.

"అల్లుడా, నువ్వు చెప్పినట్టే నిలబడింటినే. ఈగ వాలినా తోలుకోలేదు. యాడా కనపడలేదే?"

"నువ్వు కదిలింటావులే మామా" అన్నాడు అల్లుడు.