కొనుక్కున్న తాతగారు

జూబ్లీహిల్స్‌లో డబ్బుకు కరువు లేదు. తాతలకే కరువు. ఇల్లుంది, ఇంటిముందు కార్లున్నాయి, ఇంట్లో చిన్న థియేటరుంది. లేనిదల్లా వంశం. అదిప్పుడు అర్జెంటుగా కావాలి. ఇంటర్వ్యూకొచ్చిన కెమెరా హాల్లో ఒక చుట్టు తిరిగేసరికి గోడమీద ఏదో ఒకటి కనపడాలి కదా! అందుకే కనపడుతోంది: రెండు గొట్టాల తుపాకి. దాని కింద ఇత్తడి పలక. "తాతగారిది. పులుల్ని కొట్టేవారు."

ఏ తాత, బాబూ? ఈ కొండమీద అరవై డెబ్బయ్యేళ్ల కిందట బండరాళ్లు, పొదలే. అన్నపూర్ణ స్టూడియో పక్కనే బంజారాహిల్స్‌లో వెలిసింది 1976లో. మన సినిమా మద్రాసులో మూటాముల్లె సర్దుకుని పూర్తిగా ఇక్కడ దిగింది ఆ తర్వాతే. అంటే ఈ వీధుల్లో తాతలెవరూ పుట్టలేదు. అందరూ దిగుమతే.

దిగుమతి తాత దగ్గర ఒక సుగుణముంది: సమయానికి తగ్గట్టు చస్తాడు, సమయానికి తగ్గట్టు బతుకుతాడు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాతబడిన, పురాతన విలువున్న తుపాకికి లైసెన్సు అక్కర్లేదు. కానీ ఒక షరతు: మరమ్మతు చేసినా సరే, అది పేలకూడదు. కాబట్టి పోలీసు వస్తే, "అయ్యో, తుప్పు పట్టిపోయిందండీ, ఉత్త అలంకారం." అతిథి వస్తే, "ఇప్పటికీ ఒక్క దెబ్బకు అడవిపంది పడాల్సిందే." పేలితే లైసెన్సు తియ్యాలి, పేలకపోతే గొప్పలు మానాలి. రెండూ కుదరవని చెప్పే ధైర్యం ఆ హాల్లో ఎవడికుంది? 2025 నవంబరులో ఇక్కడ ఉపఎన్నిక వచ్చింది. కోడ్ ఉన్నన్నాళ్లూ లైసెన్సు తుపాకులు స్టేషన్లో జమ చేయమంటారు. ఆ కొన్ని వారాలూ గోడమీది తాతగారు శాశ్వతంగా మూగబోయారు. లెక్కింపు అయిన మర్నాడే మళ్లీ పులివేటకు బయల్దేరారు.

2019లో చట్టం సవరించి ఒక మనిషికి మూడు తుపాకులన్నదాన్ని రెండుకు దించారు, వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే. మూడో తాత ఉన్నవాళ్లు ఆయన్ని ఎక్కడ దాచారో మరి.

వీళ్లననేం లాభం, ఈ రోగం అంటించింది మన సినిమానే. జోడు గొట్టాల్లో పట్టేవి రెండే తూటాలు. మన హీరో విలన్ గేటు దగ్గర మొదలెట్టి మేడ మెట్ల దాకా కాలుస్తూనే ఉంటాడు. మధ్యలో తుపాకి విరిచి తూటా పెట్టిన పాపాన పోడు. పెడితే స్లోమోషన్ చెడుతుంది. ఊరిపెద్ద కుర్చీలో, చేతిలో తుపాకి, వెనక వీణ సంగీతం. అంతే, న్యాయం జరిగిపోయినట్టే.

ఒకప్పుడు వ్యవహారం తలకిందులుగా ఉండేది. 1939లో సారథి ఫిలింస్ వారు జమీందారీని ఎండగడుతూ 'రైతుబిడ్డ' తీశారు. ఆ సంస్థ వెనకున్నది సాక్షాత్తూ చల్లపల్లి జమీందారు. ఆయన జమీందారీ డబ్బుతో సినిమా తీయించాడు. వీళ్లు సినిమా డబ్బుతో జమీందారీ కొంటున్నారు.

కొన్న జమీందారీలో ఏముందో కూడా చూసుకోవాలి. 1946 జూలై 4న కడవెండిలో దొరకు ఎదురుతిరిగిన సంఘం జనం ఊరేగింపుగా వెళ్తుంటే విసునూరు దేశ్‌ముఖ్ గూండాలు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. దొరల తుపాకి చరిత్రలో పులుల పక్కన ఈ పేరు కూడా ఉంది. ఇత్తడి పలక మీద దానికి చోటు సరిపోదు కాబోలు.

ఇక ఫిల్మ్‌నగర్‌లో ఒక హాల్లోకి తొంగిచూద్దాం. పేరడక్కండి, అలాంటివి ఆ వీధిలో చాలానే ఉన్నాయి. నిర్మాతగారు తుపాకికి బీమా చేయించాలనుకున్నారు. ధర కట్టడానికి పాతబస్తీ నుంచి తుపాకులు బాగుచేసే ఉస్తాద్‌ని పిలిపించారు.

"లండన్ పీసు, ఉస్తాద్. 1885లో మా ముత్తాతగారు స్వయంగా ఓడెక్కి వెళ్లి తెచ్చారు. చూడు, పైన రాసే ఉంది."

ఉస్తాద్ పైన రాసింది చూడలేదు. ముందు చెక్క ఊడదీశాడు, తుపాకి విరిచి గొట్టాలు విడదీశాడు. వాటిని కొక్కెం దగ్గర ఒక వేలికి వేలాడదీసి గోటితో టక్కున మీటాడు. గంటలా ఖంగుమనాలి. బుర్రుమంది. రెండు గొట్టాల్నీ కలిపే పట్టీ అతుకు వదిలేసిందన్నమాట.

"పాలిష్ కొట్టించారా సాబ్?"

"మా ఆర్ట్ డైరెక్టర్ గోల్డ్ ఫినిష్ ఇచ్చాడు. అదిరింది కదా?"

"ఉన్న కాస్త ధరా అక్కడే పోయింది సాబ్. ఆ మాసిన రంగుకూ, చెక్కుడు పనికీ ఇస్తారు పైసలు."

"డమాస్కస్ గొట్టాలయ్యా అవి! గీతలు చూడు."

అసలైన డమాస్కస్ గొట్టం అంటే ఇనుప, ఉక్కు పట్టీలు మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, కాల్చి అతికించింది. గీతలు లోహంలోనే ఉంటాయి. చవకరకానికి మామూలు గొట్టం మీద ఆ గీతలు పైపైనే దించేవారు. ఉస్తాద్ గుడ్డతో రుద్దితే పూతతో పాటు గీతలూ వచ్చేశాయి. డమాస్కస్ కత్తుల పేరు విని మురిసిపోయే నిర్మాతగారికి, ఆ కత్తులకు ఉక్కు కావాలని పర్షియా వర్తకులు మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దాకా వచ్చేవారని చెప్పినవారు లేరు. కథలో పల్లెటూరు ఉంటే బిజినెస్ కాదు మరి.

ఉస్తాద్ గొట్టాలు బోర్లించాడు. పైన చెక్కింది ఎవడైనా చెక్కొచ్చు. కింద కొట్టిన ముద్ర పరీక్షశాలది. నిండా మందు కూరి పేల్చి చూసి, బద్దలు కాకపోతేనే కొడతారు. బర్మింగ్‌హామ్ పరీక్షశాల 1813 నుంచి ఉంది, లండన్‌ది ఇంకా పాతది. ఇక్కడ ఆ రెండింటి ముద్రా లేదు. కోడిగుడ్డు ఆకారపు గీత, లోపల ఇ, ఎల్, జి అక్షరాలు, పైన చిన్న కిరీటం.

"లండన్ కాదు సాబ్. బెల్జియం. లియేజ్ ఊరిది. అప్పట్లో వాళ్లు సస్తా తుపాకులు చేసి, ఇంగ్లీషు పేర్లు చెక్కి దునియా అంతా అమ్మిన్రు. కిరీటం పెట్టింది 1893 నుంచి."

"మరి 1885..."

"అప్పటికి ఈ ముద్రే లేదు సాబ్. ఇంకో మాట. దీంట్లో తూటా గది పొట్టిది, నల్లమందు కాలపు గొట్టం. బజార్ల దొరికే తూటా పెట్టి పెండ్లిల కాల్చేరు, మొకం పగుల్తది."

ధర సంగతి ఎవరూ అడగలేదు. మేనేజరు మెల్లగా దగ్గరికొచ్చి, "ఆ ముద్ర ఒక్కటి గీకేస్తే ఎంత తీసుకుంటావ్?" అన్నాడు. ఉస్తాద్ చెంపలు వేసుకున్నాడు. తుపాకి మీది గుర్తు చెరిపితే నేరమని అదే ఆయుధాల చట్టం 8వ సెక్షన్ చెబుతుంది. ఆయన సంచి సర్దుకుని, వచ్చిన ఆటో ఖర్చులు మాత్రం అడిగి తీసుకుని వెళ్లిపోయాడు.

అప్పటిదాకా సోఫాలో పకోడీలు తింటున్న కథా రచయిత చెయ్యి తుడుచుకుని లేచాడు. "సార్, ముత్తాతగారు లండన్‌కే బయల్దేరారు. దారిలో తుఫాను. ఓడ బెల్జియంలో ఆగింది. అక్కడ రాజుగారి అమ్మాయిని దుండగుల చేతిలోంచి..."

"1885 సంగతో?"

"అక్కడే ఎనిమిదేళ్లు ఉండిపోయారు సార్. లవ్ ట్రాక్."

నిర్మాతగారి మొహం విప్పారింది. "ముత్తాత వేషానికి ఎవర్ని అడుగుదాం?"