ఏబదియొకటవ శీర్షిక

నేనొక ఆంగ్ల పర్యాయపదకోశమును. నన్ను కన్నవాడు పీటర్ మార్క్ రోజే అను వైద్యుడు. ఆయన తండ్రి జెనీవానుండి లండనునకు వచ్చిన మతాచార్యుడగుటచే ఇంటిపేరునకు ఫ్రెంచి యుచ్చారణము దక్కినది గాని, గోదావరీతీరమున నన్ను తెరచిన వారెల్లరు ‘రోజెట్టు’ అనియే యందురు. నేనందులకు చిన్నబుచ్చుకొనను.

1779లో లండనున పుట్టి, పందొమ్మిదవ యేటనే ఎడింబరోలో వైద్యపట్టము పొంది, మాంచెస్టరు ఆస్పత్రిలో కొలువు చేయుచుండిన దినములలో, 1805లో, తన వ్రాతకోతల కక్కరకు వచ్చునని ఆయన మాటలను అక్షరక్రమమున గాక అర్థక్రమమున నొక చిన్నపుస్తకమున కూర్చుకొనెను. ఆ పిమ్మట గణితమునకు పనికివచ్చు క్రొత్త స్లైడురూలు నొకదానిని కల్పించి, తిరుగుచున్న బండిచక్రపు ఆకులు కమ్ముల సందులనుండి చూచువారికి వంగినట్లేల కన్పట్టునో 1824లో వివరించి, రాయల్ సొసైటీకి కార్యదర్శియై, ఇన్ని పనుల నడుమ నన్ను మాత్రము నలువదియేండ్లకు పైగా ప్రక్కకు నెట్టి యుంచెను. వైద్యవృత్తి చాలించిన తరువాత, డెబ్బది దాటిన వృద్ధాప్యమున మరల చేతికెత్తుకొని, 1852లో లోకమునకు చూపెను.

చెన్నపట్టణమున బ్రౌనుదొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినదియు ఆ యేడే. నా తండ్రి తన పీఠికలో మన అమరకోశమునుగూడ పేర్కొనినాడు. 1808లో సీరాంపూరున నచ్చయిన కోల్‌బ్రూకుదొర యనువాదము నెరిగినవాడగుటచే, భావముల ననుసరించి పదములను కూర్చు మార్గము అందు కలదని యొప్పుకొనినాడు. వర్గీకరణము మాత్రము గందరగోళముగ నున్నదని తేల్చినాడు. చిన్ననాట అమరము వల్లెవేసిన, నన్ను కొనిన మా మాస్టారుగారు ఆ చోటికి వచ్చినపుడెల్ల కండ్లజోడు తీసి ప్రక్కనబెట్టి, ‘పాపం, పెద్దమనిషికి మంచి గురువు దొరకలేదు’ అనెడివారు.

నేను ఆ మొదటి ప్రతిని కాను. కుమారుడు జాన్ లూయిసును, ఆ పైని మనుమడు శామ్యూల్ రోమిలీయు పెంచి పెద్దచేసిన కూర్పులలోని దానను. చెన్నపట్టణపు మూరుమార్కెట్టున పాతపుస్తకముల గుట్టనుండి బేరమాడి కొని, మాస్టారుగారు నన్ను రాజమహేంద్రవరమున ఇన్నీసుపేటలో తామద్దెకున్న పోర్షనునకు తెచ్చిరి. పోర్షనను మాట నాలో పార్టునకు పొరుగుననే కూర్చుండియున్నది. అయినను, నాలుగు గదులును, పంచుకొనవలసిన నూయియు కలసి ఆ పేరున పిలువబడునని నాకు ఇన్నీసుపేట చేరువరకు తెలియదు.

నా వేయి శీర్షికలలో మాస్టారుగారి వ్రేళ్లకు మిక్కిలి నలిగినది ఏబదియొకటవది. ఏబదవ శీర్షిక సమగ్రము. దానికెదురుగ ఏబదియొకటవది పార్టు. కొంచెము దూరమున, ఏబదియారవదిగా, కాంపొనెంటు. చదువరి మొదట భావమును తలచుకొని, ఆరు మహావర్గములలో తనకు వలసిన దానిని వెదకికొనుచు లోనికి రావలయునని నా తండ్రి యాశయము. అట్లు వచ్చిన పుణ్యాత్ముని నేనెన్నడును చూడలేదు. ఆయన సింహద్వారము కట్టియుంచినాడు. జనమంతయు పెరటిదారిని, అనగా చివరనున్న అకారాది పట్టికనుండి, చొరబడుదురు. అంతకంటె చిక్కు మరియొకటి కలదు. ఆయన యే మాటకును అర్థము వ్రాయలేదు. పోర్షను, పీసు, ఫ్రాగ్మెంటు, సెగ్మెంటు, సెక్షను, షేరు, మోర్సెలు అని పేర్లు వరుసగ పేర్చి, ఏది యెప్పుడన్న విచక్షణమును చదువరికి విడిచినాడు. విచక్షణము లేనివారి చేతిలో నేను ప్రమాదకరమైన పుస్తకమునని నిర్మొగమాటముగ చెప్పుకొందును.

ఒకనాడు మెట్రిక్యులేషను కుర్రవాడొకడు, పీసు అను మాట మాటిమాటికి వచ్చుచున్నదని విసిగి, నన్ను తిరుగవేసి, తాతగారు తనకొక ‘ఫ్రాగ్మెంట్ ఆఫ్ అడ్వైస్’ ఇచ్చినారని వ్యాసమున వ్రాసి తెచ్చెను. మాస్టారుగారు ఎర్రసిరా కలము దించి, ‘ఒరే అబ్బాయీ, సలహాను పగలగొట్టిందెవర్రా?’ అని అడిగిరి.

కుర్రవాడు బిక్కమొగము వేసెను. ఆయన నన్ను వాని ముందరికి జరిపి, ఒక్కొక్క మాట క్రింద వ్రేలుంచి చెప్పసాగిరి. ఫ్రాగ్మెంటును ఫ్రాక్షనును లాటినున విరుచుట యను ధాతువునుండి పుట్టినవి. సెక్షనును సెగ్మెంటును కోయుటనుండి వచ్చినవి. మోర్సెలు లాటినువాడు కొరికినది, బిట్టు ఇంగ్లీషువాడు కొరికినది. కాంపొనెంటున విరుపును లేదు, కోతయు లేదు. ఇతరములతో కలసి మొత్తమును కూర్చునది యని దాని భావము. ఇన్‌గ్రీడియెంటు లోనికి ప్రవేశించునది, కావుననే అది వంటకును మందునకును చెల్లును, గడియారమునకు చెల్లదు. ‘మాటను వాడబోయే ముందు, ఇది దేన్నించి వచ్చింది, ఎలా విడిపోయింది, మళ్లీ అతుక్కుంటుందా అని అడుగు. మన తెలుగులో నిన్నెవరూ అడగమనలేదు, అయినా నువ్వు పనసతొనను పెంకు అనవు, కుండపెంకును తొన అనవు, మామిడిచెక్కను పేలిక అనవు. ఆ తెలివి ఇంగ్లీషుకు వచ్చేసరికి ఏమైంది?’

సూత్రము మంచిదే గాని, సంపూర్ణము కాదు. పీసునకు అట్టి ధాతుచరిత్ర మేదియు సాయపడదు. అడ్వైసు, న్యూసు, ఫర్నిచరు అను మాటలను ఒకటి రెండని లెక్కింప ఇంగ్లీషు వ్యాకరణ మొప్పుకొనకపోవుటచే, వాటిని లెక్కపెట్టుటకు పీసును ముందు నిలుపుదురు, అంతియే. పుట్టుకను బట్టి కొంత, అలవాటును బట్టి కొంత మాటకు చోటేర్పడును. కొనువారికి కావలసినది రెండవదే గాని, నేనమ్మునది మొదటిదియు కాదు, రెండవదియు కాదు. పేర్ల పట్టిక మాత్రమే.

అలవాటు బలమెంతటిదో తెలిసికొనుటకు లండను పోనక్కరలేదు. బట్టల దుకాణమున జాకెట్టు పీసు అడుగుదురు, జాకెట్టు పార్టు అడుగరు. కారు బాగుచేయువాడు పార్టు తెప్పించును, పీసు తెప్పింపడు. పరీక్షలో బిట్టులుండును. నాటకసమాజమున మీసము రాని కుర్రవాడు ఆడపార్టు వేసెడివాడు. ఈ కడపటి ప్రయోగము యంత్రమునకు సంబంధించిన దానికంటె ప్రాచీనమని నా పొరుగునున్న పెద్ద నిఘంటువు చెప్పగా వింటిని. ఎలిజబెతు రాణి కాలపు నటులకు నాటకమంతయు నిచ్చెడివారు కారు. ఎవరి సంభాషణము వారికి, ఎదుటివాని చివరిమాటలతో సహా, పొడుగాటి కాగితపు చుట్టగా వ్రాసియిచ్చెడివారు. అదియే వాని పార్టు. ఎడ్వర్డ్ ఆలిన్ అను నటుడు ధరించిన ఓర్లాండో పాత్రకు చెందిన అట్టి చుట్ట డల్విచ్ కళాశాలలో నేటికిని భద్రముగ నున్నది. రోలు అను మాటయు కాగితపు చుట్ట యను నర్థమునుండి వచ్చినదే.

ఇట్లుండగా ఇంటియజమాని కాలము చేసెను. ఆయన కుమారు లిరువురును పంపకము విషయమున తగవుపడి కోర్టుకెక్కిరి. చిన్నవాని ప్లీడరుగారి గుమాస్తా దావా చిత్తు చేతబట్టుకొని మాస్టారుగారికడకు వచ్చి, తన పక్షకారునకు ఇంటిలో పార్టు కలదని వ్రాసితిననియు, షేరు అనిన మేలా యనియు అడిగెను. మాస్టారుగారు నన్ను తెరువనైన లేదు. ‘పార్టంటే ఏ గోడనించి ఏ గోడదాకానో చూపించాలి. మీవాడు చూపించగలడా?’

చూపలేడు. మితాక్షర ధర్మశాస్త్రము ననుసరించు అవిభక్త కుటుంబమున, విభాగము జరుగువరకు ఈ గది నాది యని వ్రేలుపెట్టి చూపు హక్కు దాయాది కెవ్వనికిని లేదు. వానికి గలది వాటా. అదియు, 2005 నాటి చట్టసవరణకు పూర్వము, పుట్టుకలతో తరిగి, చావులతో పెరుగుచుండెడిది. అట్టి దాయాదికి ఇంగ్లీషు న్యాయవాదులు పెట్టిన కోపార్సెనరను పేరున పార్టునకు మూలమైన లాటిను ధాతువే దాగియున్నదని మాస్టారుగారు ముచ్చటగ చెప్పబోయిరి గాని, గుమాస్తాకు తీరిక లేదు. షేరని దిద్దుకొని వెడలిపోయెను.

దావా నేటికిని నడచుచున్నది. అన్నదమ్ములకు వాటాలున్నవి, ఇంటికి పోర్షనులున్నవి. ఏ పోర్షను ఎవరి వాటాకు వచ్చునో తేలలేదు. ప్రతి నెల మొదటి తారీకున అన్నగారు ఉదయమును, తమ్ముడుగారు సాయంకాలమును అద్దెకై వచ్చుచున్నారు. రసీదు మీద ఇద్దరి సంతకములును ఉన్నచో రూపాయలు సిద్ధముగ నున్నవని మాస్టారుగారు ఇరువురికిని కాఫీ యిచ్చి పంపుచున్నారు.