సులోచన పరిత్యాగ యోగము

ముక్కుమీద కూర్చుండి, చెవులను పట్టుకొని, పైస జీతమడుగక, నడివయసువానికి పంచాంగమును, బడిపిల్లవానికి నల్లబల్లను చూపుచున్న సులోచనములవంటి సాధుప్రాణికి సైతము శత్రువులుందురని నేనెన్నడును తలపలేదు. మా పేటలో ఇటీవల వెలసిన నేత్రయోగ శిబిరమున, శిష్యులచే కనుగ్రుడ్లను గడియారపు లోలకములవలె నాడింపజేయు ఆచార్యులవారు మాత్రము వానిని కంటికి తగిలించిన సంకెళ్ళనియే నిశ్చయించి, ఇరువది దినములలో విడిపించెదమని ప్రతిన పట్టిరి.

ఈ విద్యకు మూలపురుషుడు న్యూయార్కు వైద్యుడు విలియం బేట్సు. దూరమును, దగ్గరను చూచుటకు కంటిలోని కటకము ఆకారము మార్చుకొనదనియు, గ్రుడ్డును చుట్టియున్న వెలుపలి కండరములే దానిని పిండుననియు, వానికి విశ్రాంతి దొరకినచో దోషములెల్ల తొలగుననియు ఆయన 1920లో గ్రంథము ప్రకటించెను. అంతకు శతాబ్దము పైగా పూర్వమే, 1801లో, శాస్త్రజ్ఞుడు థామస్ యంగు తన కంటికి నీటిని తాకించి, పైపొర శక్తిని హరించిన పిమ్మటను దృష్టి సవరణ జరుగుచునేయున్నదని చూపెను. అంత దూరమేల? శుక్లముతోపాటు కటకమును తీయించుకొన్న మా తాతగారు దూరమునకొకటి, చదువునకొకటి, రెండు సోడాబుడ్డి అద్దములు ధరించెడివారు. వెలుపలి కండరములు ఆయనకు ఆరును ఉండెను గదా!

హ్రస్వదృష్టి యన్నది కంటి సోమరితనము కాదు, చాలమంది విషయమున కంటి పొడవు. ముందునుండి వెనుకకు సుమారు 24 మిల్లీమీటర్లుండవలసిన గ్రుడ్డు ఒక్క మిల్లీమీటరు పెరిగెనా, దూరపు వస్తువుల బింబము నేత్రపటలమునకు ఇవతలనే కూడి, ఇంచుమించు 3 డయాప్టర్ల అద్దము కావలసివచ్చును. కనుగ్రుడ్లు త్రిప్పి ఈ మిల్లీమీటరును కరగింపగలిగినచో, గుంజిళ్ళు తీయించి ఆరడుగులవానిని అయిదడుగులవానిగా చేయవచ్చును. చత్వారమన్ననో, వయసుతో కటకము గట్టిపడి వంగుట మానుటయే. ముదిరిన బెండకాయ బ్రతిమాలినంతనే లేతబారునా?

అయినను శిష్యులు మేలు కలిగినదని ప్రమాణము చేయుదురు. వారు అబద్ధమాడుట లేదు. కన్ను చికిలించినచో సన్నని సందునుండి వచ్చు కిరణములు కొంత స్పష్టతనిచ్చును. ఒకే పటమును పదునైదు దినములు చదివినవానికి కడపటి పంక్తి కంఠస్థమగును. కంటికి రాని విద్య నోటికి వచ్చుననుట ఇదియే. ఆంగ్ల రచయిత ఆల్డస్ హక్స్‌లీ ఈ పద్ధతిని కొనియాడుచు 1942లో పుస్తకమే వ్రాసెను. పదియేండ్లకు, ఒక విందుసభలో అద్దములు లేకుండ ఉపన్యాసపత్రమును ధారాళముగా చదువుచున్నట్లు కనబడి, నడుమ తడబడి, కాగితమును కంటికి దగ్గరగా జరుపుకొని జరుపుకొని, తుదకు జేబులోని భూతద్దము తీసెనని ప్రచురణకర్త బెన్నెట్ సెర్ఫ్ వ్రాసెను. ఉపన్యాసము ఆయనకు కంఠపాఠమట!

ఇంతవరకు నవ్వుకొనవచ్చును. సూర్యబింబమును తేరిపార చూడుమను ఉపదేశము విన్నప్పుడు నవ్వు రాదు. నేత్రపటలమునకు నొప్పి తెలియదు; అది కాలుచున్నను శిష్యుడు ‘అబ్బా’ యనడు, ఆచార్యులవారు ఆ మౌనమును సిద్ధిగా గణింతురు.

అరచేతులతో కన్నులు మూసికొని చీకటిని ధ్యానించు ప్రక్రియను మాత్రము నేనును ఆరు దినములు సాధన చేసితిని. మూసికొన్నంతసేపు నాకు అద్దముల అవసరము కలుగలేదని ఏ సభలోనైనను సాక్ష్యమిత్తును.