తెంపాల్సిన తీగ

దబీర్‌పురా దర్వాజా దగ్గర ఇరవై ఏళ్లుగా కరెంటు పని చేస్తున్నాను. హైదరాబాద్ కోటగోడకు ఒకప్పుడు 13 దర్వాజాలుండేవి. ఇప్పుడు నిలిచినవి రెండే. పురానాపూల్‌ది ఒకటి, మాది ఒకటి. ఊరికి గోడ పోయి దర్వాజా మిగిలింది. ఇక్కడే ఇద్దరు అన్నదమ్ముల ఇంట్లో మాత్రం దర్వాజా పోయి గోడ మిగిలింది. హాలు నడుమ ఇటుక గోడ, చెరో వైపు చెరో మీటరు. మాటల్లేవు.

మే నెలలో అన్న కబురంపాడు.

“తమ్మీ, వాడు నా లైన్ల నుంచి కరెంటు గుంజుతున్నడు. ఎంత ఖర్చయినా కానీ, ఆ తీగ తెంపెయ్,” అంటూ బిల్లు నా ముఖం ముందు ఆడించాడు. 207 యూనిట్లు.

ఆయన మంటకు కారణముంది. 2024 మార్చి నుంచి తెల్లకార్డు ఇళ్లకు గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. ఒక్క యూనిట్ దాటిందా, మొత్తం కట్టాల్సిందే. మా తలల మీద కొత్త ఏసీ చల్లగా ఊదుతోంది. నేను దాని వైపు చూశాను. ఆయన చూడలేదు.

మెయిన్ దించాను. లైట్లు పోయాయి, ఫ్యాన్లు ఆగాయి, ఏసీ గమ్మునైంది. వంటింట్లో ఫ్రిజ్ మాత్రం గుర్రుమంటూనే ఉంది. ఇన్వర్టర్ ఉందా అంటే లేదన్నాడు. సాకెట్లో టెస్టర్ పెడితే ఎర్రగా వెలిగింది.

అప్పుడు చూశాను, అవి చదరపు కాళ్ల ప్లగ్గులకు పెట్టే సాకెట్లు. వాళ్ల నాయన దుబాయ్‌లో వైరింగ్ పని చేసొచ్చి, ఈ ఇంటికీ అక్కడి లెక్కనే తీగ లాగాడట. మనం చెట్టుకు కొమ్మల్లా లాగుతాం. ఆయన వడ్డాణంలా చుట్టాడు. బోర్డులో మొదలై, సాకెట్ సాకెట్‌నూ తాకుతూ ఇల్లంతా తిరిగి, మళ్లీ అదే బోర్డుకు. రెండో ప్రపంచ యుద్ధం నాటి రాగి కరువులో ఇంగ్లండు వాళ్లు పట్టుకున్న ఉపాయమది. మనకు స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే అక్కడ ఆ ప్లగ్గు ఖాయమైంది. రెండు వైపుల నుంచీ కరెంటు వస్తుంది గనక సన్న తీగ సరిపోతుంది. చిక్కల్లా ఒకటే. మధ్యలో ఎక్కడ తెగినా అన్నీ మామూలుగానే పనిచేస్తాయి. బరువంతా ఒక పక్కన పడి తీగ లోలోపల కాగుతుంది. అందుకే కొసలు రెండూ విప్పి, మల్టీమీటర్ పెట్టి, కూత వింటేగాని నమ్మకూడదు.

ఇవతలి బోర్డులో ఆ కొసలు లేవు. గోడ అవతలికెళ్లాను.

తమ్ముడు ఆటో తోలుకుని పోయాడు. ఆయన భార్య తలుపు తీసింది. నాయన నాటి బోర్డు, పాత మీటరు వాళ్ల వైపే ఉన్నాయి. అందులో సాకెట్ల ఎంసీబీ దించగానే గోడవతల ఫ్రిజ్ గుర్రు ఆగింది. ఫేజు కొసలు రెండూ విప్పి, చెరోదానికి ఒక ముల్లు ఆనించాను. కూ... అని ఆగకుండా కూసింది. చుట్టు ఎక్కడా తెగలేదు. వేరుపడ్డప్పుడు లైట్లూ ఫ్యాన్లూ అన్న కొత్త మీటరుకు మార్చారు. సాకెట్లు పనిచేస్తున్నాయి కదా అని ఎవరూ ముట్టుకోలేదు.

“చాయ్ తాగుతవా అన్నా?” అందామె. “మాకు రెండు ఫ్యాన్లు, ఒక టీవీ. ఫ్రిజ్ గూడ లేదు. గల్లీ మొత్తానికి జీరో బిల్లొస్తది, మాకొక్కళ్లకే నెలనెలా ఎట్ల దాటుతదో జర చూడరాదు?”

పిలిచినవాడికే ముందు చెప్పాలన్నది మా పనిలో పద్ధతి. ఆ పద్ధతి మీద నాకు కోపమొచ్చింది ఆ ఒక్కరోజే. కొసలు బిగించి, చాయ్ వద్దని ఇవతలికొచ్చాను.

“అన్నా, ఆయన మీ కరెంటు గుంజుతలేడు. మీ ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, నీళ్ల మోటరు, ఇండక్షన్ పొయ్యి, అన్నీ ఆయన మీటరు మీదనే నడుస్తున్నయ్.”

ఆయన కాసేపు గోడ వైపు చూశాడు.

“తెంపితే?”

“మీ మీటరుకు కలపాలె.”

“యూనిట్లు?”

“మూడొందలు దాటొచ్చు.”

నా చేతిలో కటింగ్ ప్లేయరుంది. దాన్ని మెల్లగా తీసుకుని నా సంచిలో పెట్టాడు.

“వద్దు తమ్మీ,” అన్నాడు గొంతు తగ్గించి. “నాయన కలిపిన తీగ. ఎంతైనా తోడబుట్టినోడు... తెంపుకుంటమా?”